వెనక నుంచి పిలుపు

మంగళవారం ఒక్క రోజే నలభై మూడు సార్లు.

ఆ అంకె చూసి హెల్మెట్ చెడిపోయిందనుకున్నాను. మా ప్రయోగంలో మొత్తం రెండు వందల పన్నెండు హెల్మెట్లు బెజవాడ రోడ్ల మీద తిరుగుతున్నాయి. ఏ హెల్మెట్ అయినా వారానికి రెండు మూడు సార్లు పలుకుతుంది. నూట పద్దెనిమిదో నంబరు మాత్రం పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం ఆరు లోపల నలభై మూడు సార్లు పలికింది. వలీ గారు ల్యాప్‌టాప్ నా వైపు తిప్పి, టీ గ్లాసు అందుకున్నారు.

"మిషను బాగానే ఉందమ్మా," అన్నారు. "మనిషే బాగా లేడు."

ఆ మనిషి మా తమ్ముడు కోటేశు.

నా సంగతి ముందే చెప్పేస్తాను. నేను పదిహేడేళ్ళుగా పెద్దాసుపత్రి తలదెబ్బల వార్డులో ఫిజియోథెరపిస్టుని. పేరు సుభాషిణి. ఆ పేరు పెట్టినవాళ్ళని తీసుకొచ్చి ఒక రోజు ఈవిడ పక్కన కూర్చోబెట్టాలని నర్సులు నవ్వుకుంటారు. నవ్వుకోనీ. ఇరవై రెండేళ్ళవాడికి చెంచా పట్టుకోవడం నేర్పి చూడమనండి, వాళ్ళ నోరు ఎంత తియ్యగా ఉంటుందో నేనూ చూస్తాను. వాడి తల్లి మంచం పక్కన నిలబడి, మావాడు నిదానంగానే నడుపుతాడండీ అంటుంది. నిదానంగా నడిపేవాడు డివైడర్ ఎక్కి అవతల ఎలా పడ్డాడో ఆవిడని అడగలేక, నేను వాడి వేళ్ళు ఒక్కొక్కటే విప్పుతూ ఉంటాను.

హెల్మెట్ మోచేతికి తగిలించుకుని తిరిగేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. మోచేతిలో ఏం దాచుకున్నారని దానికి అంత కాపలా? ముందు చెకింగ్ ఉందని ఎదురొచ్చేవాడు చేత్తో సైగ చేస్తాడు. అప్పుడది తల మీదికి ఎక్కుతుంది. సర్కిల్ దాటగానే మళ్ళీ మోచేతికి దిగుతుంది. పట్టీ పెట్టుకోమంటే మెడ దగ్గర చెమట పడుతుందంటారు. చెమటట! నా వార్డులో చెమట పట్టక్కర్లేదు, ఏసీ ఉంది, వచ్చి పడుకోండి.

వలీ గారు నా పాత పేషంటు. ఆటోనగర్‌లో బండ్ల కరెంటు పని చేసే మనిషి. కాలు విరిగి పదకొండు వారాలు నా దగ్గర నడక నేర్చుకున్నారు. అప్పుడే ఒక రోజు కమ్మీలు పట్టుకుని అడుగులు వేస్తూ ఒక మాట అన్నారు.

"ముప్పయ్యేళ్ళు మెకానిక్కుల వెనక కూర్చుని బండ్లు టెస్టు చేశానమ్మా. ముందున్నోడు దూకుతాడా, ఆగుతాడా అన్నది బ్రేకు చెప్పదు. మెడ చెప్తది."

నాకు నవ్వు రాలేదు. వార్డులో కండరాల్లో కరెంటు కొలిచే పాత యంత్రం ఒకటి మూలన పడి ఉంది. దాన్ని బాగుచేసి, రెండు రాగి బిళ్ళలు హెల్మెట్ వెనక లోపలి మెత్తకి కుట్టి, ఆయన మేనల్లుణ్ణి బందరు రోడ్డు మీదికి పంపించాం. ఆయన చెప్పింది నిజమే. సిగ్నల్ దూకబోయేవాడి మెడ వెనక చిన్న కండరం ఒకటి రెండున్నర సెకన్ల ముందే బిగుసుకుంటుంది. దూకాలని అనుకున్న సంగతి అప్పటికి వాడికే తెలియదు. ఆ రెండున్నర సెకన్లలో చెవిలో సరైన చప్పుడు ఒకటి పడితే మెడ వదులవుతుంది, దాంతో మణికట్టూ వదులవుతుంది, బండి నెమ్మదిస్తుంది.

సరైన చప్పుడు ఏదో కనిపెట్టడానికి ఏడాది పట్టింది. బజర్ పెడితే పది రోజుల్లో అలవాటైపోయింది. రికార్డు చేసిన ఇంగ్లీషు ఆడగొంతు పెడితే దాన్ని బూతులు తిట్టారు. ఇంట్లోవాళ్ళు పిలిచే పిలుపు పెట్టి చూశాం. అరసెకనులో మెడ వదిలేసింది, ప్రతిసారీ. తల్లో పెళ్ళామో బిడ్డో, పేరు పెట్టి "ఆగు" అంటే మనిషి ఆగుతాడు. ఇంత చిన్న సంగతికి ఇంత ప్రయోగం కావాల్సొచ్చింది.

అక్కడే చిక్కొచ్చి పడింది. ఆడవాళ్ళు చాలామంది పిలవం అన్నారు.

బయటికెళ్ళే మనిషిని వెనక నుంచి పిలవకూడదు. మన ఇళ్ళల్లో ఎవరికి తెలియదు ఆ మాట? తాళం చెవులు మర్చిపోయినా సరే, పరిగెత్తుకుంటూ ముందుకెళ్ళి ఇస్తారు గానీ వెనక నుంచి కేకెయ్యరు. మా హెల్మెట్‌లో స్పీకరు సరిగ్గా తల వెనకే ఉంది మరి. కోటేశు భార్య స్వర్ణలతని అడిగితే చెవులు మూసుకున్నంత పని చేసింది. "వద్దు వదినా. బండెక్కిన మనిషిని రోజూ వెనక నుంచి పిలిచేది నా గొంతు కాకూడదు. మీరు ఇంకేదైనా అడగండి, చేస్తాను," అంది. ఒక్క స్వర్ణ కాదు, అరవై ఇళ్ళు తిరిగితే యాభై ఇళ్ళలో అదే మాట.

పిల్లల గొంతు పెడదాం అన్నది నేను. పిల్లలకి ఈ పట్టింపులు ఉండవు కదా అన్నాను. చాలా తెలివైనదాన్నని ఆ రోజు నాకు నేనే మురిసిపోయాను.

నటించి పిలిస్తే పనికిరాదు, భయపడి పిలవాలి. వలీ గారి షెడ్డులో బండ్ల కిందికి దిగి పని చేసే గొయ్యి ఉంది. తండ్రి కళ్ళకి గంతలు కట్టి గొయ్యి వైపు నడిపించేవాళ్ళం. గొయ్యి మీద ఇనప జాలీ ఉండేది, దాని మీద నల్లగుడ్డ పరిచేవాళ్ళం. పిల్లకి ఆ జాలీ సంగతి చెప్పేవాళ్ళం కాదు. కోటేశు కూతురు లాస్యకి అప్పుడు ఎనిమిదేళ్ళు. వాళ్ళ నాన్న కాలు గొయ్యి అంచు మీదికి రాగానే షెడ్డు రేకులు అదిరేట్టు అరిచింది, "నాన్నోయ్, ఆగు!" అని. తర్వాత జాలీ చూపిస్తే నా చెయ్యి కొరికింది. కోటేశు పగలబడి నవ్వుతూ దాన్ని భుజం మీదికి ఎత్తుకున్నాడు. అదే నూట పద్దెనిమిదో హెల్మెట్.

మూడు నెలలు అంతా బాగానే నడిచింది. కోటేశు నీళ్ళ ఫిల్టర్లు బాగుచేసే పని మీద రోజుకి పదిహేను ఇళ్ళు తిరుగుతాడు, ఎప్పుడూ తొందరే. అలాంటివాడు వారానికి మూడు పిలుపులకి దిగాడు. అందరి లెక్కలూ అలాగే తగ్గాయి. నేను వార్డులో ఖాళీ మంచాలు కలగనడం మొదలుపెట్టాను.

మేము ఊహించనిది ఒక్కటి ఉంది. పిల్లలకి ఆ హెల్మెట్ల మీద హక్కు వచ్చేసింది. అది నేను మాట్లాడే హెల్మెట్, నేనే పెట్టుకుంటాను అని లాస్య రోజూ గొడవ. ఆ శనివారం పొద్దున బడికి టైమైపోతోందని కోటేశు తీసి దాని తలకి పెట్టాడు. పెద్దవాళ్ళ హెల్మెట్, పట్టీ ఎంత బిగించినా గడ్డం కింద పిడికిలి పట్టేంత ఖాళీ. రాగి బిళ్ళలు పిల్ల మెడని తాకనే లేదు. తాకినా అవి చూడాల్సింది బండి నడిపేవాడి మెడని.

బడి గేటు రోడ్డుకి అవతల ఉంది. యూటర్న్ తీసుకోవాలంటే ముప్పావు కిలోమీటరు ముందుకెళ్ళి రావాలి. డివైడర్‌కి ఎవరో కొట్టిన సందు ఉంది, దాంట్లోంచి దూరి రెండు వందల గజాలు రాంగ్ రూట్‌లో వెళ్తే గేటు. అందరూ అలాగే వెళ్తారు. టీచర్లు కూడా. కోటేశు దూరాడు. కంకిపాడు నుంచి పాలు తెచ్చే వ్యాను తన దారిన తను వస్తోంది. హెల్మెట్ ముందు ఎగిరింది, పిల్ల తర్వాత ఎగిరింది. హెల్మెట్ డివైడర్ మీది పూలమొక్కల్లో పడింది, దానికి గీత కూడా పడలేదు.

జనం పోగై పాల వ్యాను డ్రైవర్ని కొట్టారు. పెద్ద బండిదే తప్పు, మన న్యాయం అంతే. యాభై దాటిన మనిషి, రెండు పళ్ళు ఊడాయి. భుజం దగ్గర కాలర్ బోన్ విరిగి రోడ్డు పక్కన కూర్చున్న మా తమ్ముడు, ఆయన తప్పేం లేదు అని ఒక్క మాట అనలేదు. నొప్పిలో ఉన్నాడని మా అమ్మ అంటుంది. నొప్పి కాలర్ బోన్‌లో కదా, నోట్లో కాదు కదా?

లాస్య బతికింది. తలలో ఎడమ వైపు దెబ్బ. కుడి చెయ్యి, కుడి కాలు సగం పని చేస్తాయి. అన్నీ అర్థమవుతాయి, ఎడమ చేత్తో నన్ను అష్టాచెమ్మాలో ఓడిస్తుంది. మాట మాత్రం రాదు. కొండనాలుకకి మందు వేస్తే ఉన్న నాలుక ఊడిందని సామెత. మా ఇంట్లో ఎవరూ ఆ సామెత నా ముందు అనలేదు. నేనే అనుకున్నాను, పిల్ల నోటికి వ్యాయామం చేయిస్తూ, ప్రతి సాయంత్రం.

స్వర్ణ మాత్రం ఒకే ఒక్కసారి అంది. ఐసీయూ బయట గోడకి ఆనుకుని, నా వైపు చూడకుండా, వెనక నుంచి పిలిపించారు వదినా, అందుకే ఇలా అయ్యింది అంది. నేను ఆగలేదు. ఆసుపత్రి అని కూడా చూడకుండా అరిచాను.

"ఎవరు పిలిచారు స్వర్ణా? ఆ రోజు వాణ్ణి ఎవరూ పిలవలేదు. ఒక్కరు పిలిచినా ఆగేవాడు."

రెండు నెలలకి కాలర్ బోన్ అతుక్కున్నాక కోటేశు వచ్చి హెల్మెట్ అడిగాడు. బుద్ధొచ్చిందనుకున్నాను. నా చేతులతో నేనే తుడిచి ఇచ్చాను. ఆ తర్వాత నూట పద్దెనిమిదో నంబరు లెక్కలు నేను చూడలేదు. చూడబుద్ధి కాలేదు. అందరి లెక్కలూ చూసి సంతకం పెట్టాల్సింది నేను, ఆ ఒక్క వరుస వచ్చేసరికి పేజీ తిప్పేసేదాన్ని. వలీ గారు వద్దన్నా వినకుండా ఇప్పుడు మొత్తం వెనక్కి తిప్పి చూశాను. మొదట్లో వారానికి నాలుగు. తర్వాత రోజుకి రెండు, రోజుకి తొమ్మిది. మంగళవారం నలభై మూడు. ఐదు నెలలుగా నా కళ్ళ ముందే పెరుగుతోంది.

బుధవారం సెలవు పెట్టి స్కూటీ మీద వాడి వెనకాలే వెళ్ళాను. వాడు చూసుకోలేదు. ఏలూరు రోడ్డు మీద ఒక సందు చివర ఆగాడు. బస్సు దగ్గరికి వచ్చేదాకా కాచుకుని, దాని ముందుకి బండి ఉరికించాడు, సగంలో ఉన్నట్టుండి వదిలేశాడు. బస్సు కీచుమని ఆగింది. డ్రైవరు తల బయటికి పెట్టి తిడుతున్నాడు. కోటేశు వినడం లేదు. వాడి మొహం నాకు పక్క నుంచి కనపడింది. నవ్వుతున్నాడు. కళ్ళు మూసుకుని, చెవిలో ఎవరో రహస్యం చెప్తున్నట్టు నవ్వుతున్నాడు.

అప్పుడు అర్థమైంది నాకు.

ఇంకో సంగతి కూడా అర్థమైంది, అది ఇంకా పాడు సంగతి. అలవాటైన పనికి మెడ బిగుసుకోదు. నిన్న రాంగ్ రూట్‌కి పలికిన హెల్మెట్ రేపు దానికి పలకదు. ఆ గొంతు వినాలంటే నిన్నటి కంటే ఇవాళ ఎక్కువ తెగించాలి. రాంగ్ రూట్ అయిపోయింది, ఆటోల మధ్య దూరడం అయిపోయింది, ఇప్పుడు బస్సులు. బస్సుల తర్వాత ఏముంటాయో నాకు తెలుసు. నా వార్డు ఉంటుంది, లేకపోతే వార్డు వెనక గది ఉంటుంది.

నాలుగో సందు దగ్గర బండి అడ్డం పెట్టి తాళం లాక్కున్నాను. చెంప మీద ఒక్కటి కొట్టాను. హెల్మెట్ ఉంది కాబట్టి నా చెయ్యే నొచ్చింది. ముప్పై ఆరేళ్ళ మనిషిని నడిరోడ్డు మీద అక్క కొడుతుంటే జనం ఆగి చూశారు. ఎవడో ఫోన్ కూడా తీశాడు.

కోటేశు ఏమీ దాచలేదు. అడగ్గానే చెప్పేశాడు. పాప గొంతు అందులోనే ఉంది కదక్కా అన్నాడు. ఫోన్లో పాప వీడియోలు యాభై ఉన్నాయి కదరా, కూర్చుని వినొచ్చు కదా అన్నాను. వాడు తల అడ్డంగా ఊపాడు.

"వీడియో అయితే నేను నొక్కితే మాట్లాడుద్ది అక్కా. ఇందులో తనంతట తనే పిలుస్తది. నేను చచ్చిపోతానేమోనని భయపడి పిలుస్తది."

"పిల్ల ఇంట్లో ఉందిరా. బతికే ఉంది. నువ్వు దాని మొహం చూసి ఎన్నాళ్ళయింది?"

"చూస్తే మాట్లాడదు కదక్కా," అన్నాడు, మొహం అవతలికి తిప్పుకుని.

నాకు జాలి కలగలేదు. కలిగిందని చెప్తే అబద్ధం. వీడు పొద్దున్నే పిల్ల లేవకముందే బయటపడి, పడుకున్నాక ఇంటికి చేరుతున్నాడని స్వర్ణ ఎప్పటినుంచో చెప్తోంది, పనెక్కువ అనుకున్నాను. ఇదీ వీడి పని. అక్కడ పిల్ల ఎడమ చేత్తో అన్నం కలుపుకోవడం నేర్చుకుని, చూపిద్దామని తలుపు వైపు చూస్తూ కూర్చుంటోంది. ఇక్కడ వీడు బస్సుల ముందు దాని పాత గొంతు ఏరుకుంటున్నాడు.

తాళం వాడికి ఇవ్వలేదు. బండిని వలీ గారి షెడ్డుకి తోయించాను. ఆ గొంతు తీసెయ్యండి, ఈ క్షణమే తీసెయ్యండి అన్నాను. ఆయన కదల్లేదు. మనమే రాసుకున్న కాగితం గుర్తు చేశారు. ప్రయోగంలో చేరినప్పుడు ప్రతి ఇంటికీ సంతకం పెట్టి ఇచ్చాం. గొంతు ఎవరిదో వాళ్ళు అడిగితేనే తియ్యాలి, ఇంకెవరూ ముట్టుకోకూడదు. అది రాసింది నేనే.

"పాపని అడుగుదామమ్మా," అన్నారాయన. "ఇన్నాళ్ళలో మనం ఎవరం దాన్ని ఏదీ అడగలేదు."

ఆదివారం పదకొండింటికి అందరం షెడ్డులో కలిశాం. గొయ్యి మీద వలీ గారు చెక్కలు పరిచి ఉంచారు. లాస్య నా చెయ్యి పట్టుకుని నడిచొచ్చింది, కుడి కాలు ఈడుస్తూ. గొయ్యి ఉన్న చోటు చూసి నా వైపు ఒక చూపు చూసింది. గుర్తుంది దానికి. కుర్చీలో కూర్చోబెట్టి ఎదురుగా బల్ల మీద హెల్మెట్ పెట్టాను. స్వర్ణ కూతురి వెనక నిలబడింది. కోటేశు షట్టరు దగ్గరే ఉండిపోయాడు, పారిపోవడానికి వీలుగా.

రాగి బిళ్ళలు నా మెడకి నొక్కుకుని పళ్ళు బిగించాను. ఆ రోజు మెడ బిగించడానికి నాకు పెద్ద కష్టం కాలేదు. హెల్మెట్ పలికింది.

"నాన్నోయ్, ఆగు!"

ఏడు నెలల తర్వాత తన గొంతు తను విన్నది లాస్య. కళ్ళు పెద్దవయ్యాయి. నోటి మీద చెయ్యి పెట్టుకుంది. అప్పుడు తల తిప్పి వాళ్ళ నాన్నని చూసింది. కోటేశు మొహం వెలిగిపోయి ఉంది. షట్టరు వదిలేసి రెండడుగులు ముందుకొచ్చాడు, పిల్ల వైపు కాదు, బల్ల వైపు. లాస్య అది చూసింది. మేమందరం చూశాం.

నేను దానికి అంతా చెప్పాను. తియ్యగా చెప్పడం నాకు రాదు. నువ్వు పిలిచిన పిలుపు వినడం కోసం మీ నాన్న రోజూ బస్సుల కిందికి వెళ్తున్నాడే, నలభైసార్లు వెళ్తున్నాడు, ఒక రోజు వెనక్కి రాడు అన్నాను. చిన్నపిల్ల వదినా, వద్దు అని స్వర్ణ నా భుజం పట్టుకుంది. చిన్నపిల్లేగా ఆ రోజు గొయ్యి ముందు నిలబెట్టి అరిపించింది? అప్పుడు లేని చిన్నతనం ఇప్పుడెందుకు? తీసెయ్యమంటావా, ఉంచమంటావా, నీ గొంతు నీ ఇష్టం అని లాస్యని అడిగాను.

లాస్య ఎడమ చెయ్యి చాచింది. హెల్మెట్‌ని తాకుతుందేమో, ఒళ్ళోకి తీసుకుంటుందేమో అనుకున్నాను. బల్ల మీద నుంచి నెట్టేసింది. అది చెక్కల మీద పడి దొర్లి కోటేశు కాళ్ళ దగ్గర ఆగింది. వాడు వంగి ఎత్తుకోబోయాడు.

అప్పుడు పిల్ల నోరు తిరగడం మొదలైంది. పెదాలు ఒక వైపుకి లాక్కుపోయాయి, మెడ నరాలు పొంగాయి, మొహం ఎర్రబడింది. ఆ కష్టం నాకు తెలుసు. తన పేరు చెప్పలేని మనిషి, నీళ్ళు కావాలని అడగలేని మనిషి, సూది పొడిచిన నర్సుని నోటినిండా తిట్టడం నా వార్డులో పదిసార్లు చూశాను. మామూలు మాట వచ్చే దారి తెగిపోయినా, తిట్టు ఇంకో దారిన వస్తుంది. నేను వలీ గారి వైపు చూశాను. ఆయన అప్పటికే రికార్డరు మీద వేలు పెట్టి ఉన్నారు.

"ఛీ," అంది లాస్య.

స్వర్ణ అక్కడే నేల మీద కూలబడింది. కోటేశు హెల్మెట్ వదిలేసి మోకాళ్ళ మీద పిల్ల దగ్గరికి వచ్చాడు, అమ్మా, అమ్మా అంటూ, దాని కాళ్ళు పట్టుకుని. లాస్య కరగలేదు. ఎడమ చేత్తో వాడి జుట్టు పట్టుకుని తల పైకెత్తి, సరిగ్గా మొహంలోకి చూసి ఇంకోసారి అంది. రెండోసారి ఇంకా గట్టిగా వచ్చింది.

ఏడు నెలలుగా మా అందరి నోళ్ళల్లో ఆగిపోయిన మాట అది. పెద్దవాళ్ళం ఎవరం అనలేదు. పాపం, వాడికీ దెబ్బ తగిలింది, వాడూ కుమిలిపోతున్నాడు అనుకుంటూ ఊరుకున్నాం. నోరు లేని పిల్ల అంది.

పాత పిలుపు తీసెయ్యనా అని వలీ గారు అడిగితే లాస్య తల ఊపింది. మరి ఆ చోట ఏం పెట్టమంటావు తల్లీ అని ఆయన అడిగారు. అది తన నోరు చూపించింది. కోటేశు నా వైపు చూశాడు, వద్దని చెప్పమన్నట్టు. నేను చెప్పలేదు.

తాళం ఇచ్చి పంపాం. అంతకు ముందు పంపాలా వద్దా అని వారం రోజులు కొట్టుకున్నాను. బండి లేకపోతే వాడి పని సాగదు, తాళం నా దగ్గర దాచినా ఇంకొకడి బండి తీసుకుంటాడు. సోమవారం నుంచి వాడు బయల్దేరేటప్పుడు స్వర్ణ గుమ్మంలో నిలబడి వెనక నుంచి పిలుస్తోంది. పట్టీ పెట్టుకున్నారా అని. పక్కింటివాళ్ళు నోరు నొక్కుకుంటున్నారట. నొక్కుకోనీ.

మిగతా పిల్లల హెల్మెట్ల పని మొదలుపెట్టాం. ఇక ఏ ఇంట్లో అయినా హెల్మెట్ ఇచ్చే రోజునే పిల్లకి సరిపడే ఇంకోటి ఇస్తాం, పిల్లని గొయ్యి ముందు నిలబెట్టం. ఇది మొదటి రోజే తట్టాల్సిన సంగతి. తట్టనందుకు నన్ను నేను తిట్టుకోవడం ఇంకా అయిపోలేదు.

గురువారం రికార్డు చూశాను, ఏ పిలుపు ఎక్కడ వచ్చిందో, బండి ఎటు వెళ్ళిందో కూడా అందులో పడుతుంది. ఈసారి పేజీ తిప్పలేదు. నూట పద్దెనిమిదో నంబరు, నాలుగు రోజుల్లో ఒకే ఒక్క పిలుపు. పొద్దున పదీ పన్నెండుకి, బడి ఎదురుగా డివైడర్‌లో అదే సందు దగ్గర. పిలుపు తర్వాత బండి పదకొండు నిమిషాలు కదల్లేదు. ఆ పదకొండు నిమిషాలూ వాడు అక్కడ ఏం చేశాడో నేను అడగలేదు, అడగను. ఆ తర్వాత ముప్పావు కిలోమీటరు ముందుకెళ్ళి యూటర్న్ తీసుకున్నాడు.

నేను వాణ్ణి క్షమించలేదు. పాల వ్యాను ఆయన ఇంటికి వెళ్ళమన్నాను, వాడు ఇంకా వెళ్ళలేదు. వెళ్ళేదాకా నా ఇంట్లో వాడికి మంచినీళ్ళు కూడా పుట్టవని చెప్పాను.

సాయంత్రం లాస్య దగ్గరికి వెళ్ళి, మీ నాన్న ఆగాడే, నువ్వు అనగానే ఆగాడు అని చెప్పాను. సంతోషపడుతుందనుకున్నాను. అది అష్టాచెమ్మా గవ్వలు పక్కకి నెట్టి, అద్దం ముందు కూర్చుంది. ఆ మాట రోజుకి ఇరవై సార్లు అనమని చెప్పింది నేనే, నోటికి వ్యాయామం. నేను లెక్కపెట్టాను. ఇరవై అయ్యాక కూడా అది ఆపలేదు.